అందరికీ ఒకే పాస్‌వర్డ్: డాక్యుమెంటేషన్ సైట్‌కి గొళ్ళెం సరిపోతుందా?

సాఫ్ట్‌వేర్ ఇంకా బయటికి రాలేదు. దాన్ని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ సైట్ మాత్రం తయారైపోయింది. ముందుగా వాడి చూస్తున్న పది పదిహేను మంది కస్టమర్లకి అది కనిపించాలి, మిగతా లోకానికి కనిపించకూడదు. ఒక్కొక్కరికీ అకౌంటు తెరవడం, ఈమెయిల్ సరిచూడడం, మర్చిపోయినవాళ్లకి మళ్లీ లింకు పంపడం, ఇదంతా కట్టేంత తీరిక ఎవరికీ లేదు. అలాంటప్పుడు టీమ్‌లో ఎవరో ఒకరు అంటారు: "ఒక పాస్‌వర్డ్ పెట్టేసి అందరికీ అదే చెప్పేద్దాం."

ఈ మాట వినగానే సెక్యూరిటీ తెలిసినవాళ్లు మొహం చిట్లిస్తారు. మూడో మనిషి చెవిన పడ్డ రహస్యం నిలవదని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు కదా, పదిహేను మందికి చెప్పాక ఇంకేం రహస్యం అంటారు. మాట నిజమే. కానీ వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది: ఇక్కడ దాస్తున్నది ఎంత రహస్యం? పెరటి తలుపుకి గొళ్ళెం పెట్టుకుంటాం, బీరువాకి తాళం వేసుకుంటాం. గొళ్ళెం పెట్టినందుకు ఎవరినీ తప్పుపట్టం. నగలు గొళ్ళెం వెనక పెడితేనే తప్పు.

ఉమ్మడి పాస్‌వర్డ్ గొళ్ళెం లాంటిదే. పెట్టడం పది నిమిషాల పని. దాన్ని మార్చాల్సి వచ్చిన రోజు ఎంత తిప్పలు పడాల్సి వస్తుందన్నదాన్ని బట్టే ఆ ఏర్పాటు బాగుందో లేదో తెలుస్తుంది. చాలామంది పెట్టే రోజు గురించే ఆలోచిస్తారు.

ఇది ఏం ఆపుతుంది, ఏం ఆపదు

ఆపేవి చెప్పాలంటే: సెర్చ్ ఇంజిన్లు ఆ పేజీలను ఎత్తుకెళ్లవు. ఎవరో ఫార్వర్డ్ చేసిన లింకు మీద అనుకోకుండా నొక్కిన మనిషికి లోపలిది కనిపించదు. చాట్ యాప్‌లో లింకు పెడితే కింద వచ్చే చిన్న ప్రివ్యూ కూడా రాదు. పేజీలను రోజంతా తవ్వుకుపోయే బాట్‌లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. దారినపోయేవాళ్లను ఆపడానికి ఇది చాలు.

ఆపనిది ఒక్కటే, అది పెద్దది. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఇంకొకరికి చెప్పడాన్ని ఇది ఆపలేదు. చెప్పారని కూడా మనకు తెలియదు. సర్వర్ లాగ్‌లో ఏ ఐపీ అడ్రస్ నుంచి ఏ పేజీ తెరిచారో ఉంటుంది, ఎవరు తెరిచారో ఉండదు. అన్ని వరుసల్లోనూ యూజర్ పేరు ఒక్కటే. రేపు ఏదైనా స్క్రీన్‌షాట్ బయటపడితే దాని మీద ఎవరి వేలిముద్రా ఉండదు.

అసలు ఏ పాస్‌వర్డూ లేకుండా "ఎవరికీ తెలియని అడ్రస్" మీద ఆధారపడే పద్ధతి ఒకటి ఇంకా బతికే ఉంది. కొత్త సబ్‌డొమైన్‌కి ఊహకందని పేరు పెట్టి, ఎవరికీ లింకు ఇవ్వకపోతే ఎవరూ రారని నమ్మకం. అయితే ఆ పేరు మీద హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవకుండా మూసి పంపే పద్ధతి) సర్టిఫికెట్ తీసుకున్న వెంటనే అది, జారీ అయిన సర్టిఫికెట్లను నమోదు చేసే సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌ల్లోకి ఎక్కుతుంది. ఆ లాగ్‌లు బహిరంగం, ఎవరైనా వెతుక్కోవచ్చు. 2018 నుంచి కొత్త సర్టిఫికెట్లు ఆ లాగ్‌ల్లో ఉండాల్సిందేనని క్రోమ్ బ్రౌజర్ పట్టుబడుతోంది. అంటే ఆ రహస్యమైన పేరును మనమే చాటింపు వేయించి మరీ చెబుతున్నామన్నమాట.

రోబోట్స్ ఫైల్ కథ కూడా ఇలాంటిదే. ఫలానా ఫోల్డర్‌లోకి రావద్దని బాట్‌లకి రాసిపెట్టే ఆ చిన్న ఫైల్ పద్ధతిని 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించారు. 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309గా (ఇంటర్నెట్ నియమాలు రాసే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు) ప్రమాణపత్రం అయింది. ఇది ప్రవేశాన్ని అడ్డుకునే సాధనం కాదని ఆ పత్రమే స్పష్టంగా చెబుతుంది. మర్యాదస్తులైన బాట్‌లు పాటిస్తాయి. మర్యాద లేనివాటికి ఎక్కడ వెతకాలో మనమే జాబితా రాసి ఇచ్చినట్టవుతుంది.

బ్రౌజర్ అడిగే చిన్న పెట్టె

ఉమ్మడి పాస్‌వర్డ్ పెట్టడానికి వెబ్‌లో అన్నిటికన్నా పాత దారి బేసిక్ అథెంటికేషన్. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఇది ఉంది. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న వివరణ 2015లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7617.

జరిగేది ఇది. బ్రౌజర్ ఒక పేజీ అడుగుతుంది. సర్వర్ పేజీ ఇవ్వకుండా 401 అనే సంఖ్యతో, "ఇక్కడ పాస్‌వర్డ్ కావాలి" అనే హెడర్‌తో (జవాబుతో పాటు తెర వెనక వెళ్లే చిన్న సూచనతో) తిప్పి పంపుతుంది. బ్రౌజర్ తన సొంత పెట్టె ఒకటి తెరుస్తుంది: యూజర్ పేరు, పాస్‌వర్డ్. మనం టైప్ చేసిన రెండిటినీ మధ్యలో ఒక కోలన్ పెట్టి కలిపి, బేస్64 అనే పద్ధతిలో మార్చి, అదే పేజీని మళ్లీ అడుగుతుంది. ఈసారి సర్వర్ లోపలికి రానిస్తుంది.

ఆ పత్రంలో ఇచ్చిన ఉదాహరణ సరదాగా ఉంటుంది. అందులో యూజర్ పేరు అల్లావుద్దీన్, పాస్‌వర్డ్ "ఓపెన్ సెసెమీ". కథ తెలిసినవాళ్లకి వెంటనే తడుతుంది, ఆ మంత్రం అల్లావుద్దీన్‌ది కాదు, అలీబాబాది. తప్పు మాట అటుంచితే ఉదాహరణ మాత్రం అతికినట్టు సరిపోయింది. నలభై మంది దొంగలు ఒకే మాటతో ఒకే గుహ తెరవడం ఉమ్మడి పాస్‌వర్డే కదా. చెట్టు మీద ఉన్నవాడి చెవిన పడడంతోనే అది చెడింది.

బేస్64 అనేది గూఢలిపి కాదన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి కాబట్టి దాచినట్టు అనిపిస్తుంది, కానీ దాన్ని వెనక్కి తిప్పడానికి ఏ తాళంచెవీ అక్కర్లేదు. కాబట్టి హెచ్‌టీటీపీఎస్ లేని సైట్‌లో బేసిక్ అథెంటికేషన్ పెట్టడమంటే పాస్‌వర్డ్‌ని పోస్టుకార్డు మీద రాసి పంపడమే. హెచ్‌టీటీపీఎస్ ఉంటే ఆ బాధ లేదు, దారి మొత్తం మూసే ఉంటుంది.

వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్లయిన అపాచీలో గానీ ఎన్‌జింక్స్‌లో గానీ దీనికి కావలసింది రెండు మూడు వరుసల సెట్టింగు, ఒక పాస్‌వర్డ్ ఫైలు. ఆ ఫైల్లో పాస్‌వర్డ్ నేరుగా ఉండదు, దాని హాష్ ఉంటుంది, అంటే వెనక్కి తిప్పలేని రూపం. హాష్ కోసం బీక్రిప్ట్ అనే పద్ధతి వాడితే మంచిది. ఇక్కడ ఎవరూ పెద్దగా చెప్పని చిక్కు ఒకటుంది. బేసిక్ అథెంటికేషన్‌లో పాస్‌వర్డ్ ఒక్కసారి వెళ్లి ఊరుకోదు, ప్రతి అభ్యర్థనతోనూ వెళ్తుంది. ఒక డాక్యుమెంటేషన్ పేజీలో బొమ్మలు, స్టైల్ ఫైళ్లు, స్క్రిప్టులు కలిపి నలభై ఉన్నాయంటే పాస్‌వర్డ్ నలభై సార్లు సరిచూడాలి. బీక్రిప్ట్‌ని కావాలనే నెమ్మదిగా పనిచేసేలా తయారుచేశారు. ఆ నెమ్మదిని బాగా పెంచితే సైట్ ఎందుకు ఈడుస్తోందో తెలియక జుట్టు పీక్కోవాల్సి వస్తుంది.

ఇంకో ఇబ్బంది వాడేవాళ్ల వైపు ఉంది. ఆ పెట్టెలో మన లోగో ఉండదు, "పాస్‌వర్డ్ కావాలంటే ఫలానావాళ్లను అడగండి" అని రాసే చోటు ఉండదు, లాగౌట్ బటన్ ఉండదు. పైగా ఉమ్మడి పాస్‌వర్డ్‌కి యూజర్ పేరుతో పనిలేకపోయినా పెట్టె మాత్రం దాన్ని అడుగుతుంది. పాస్‌వర్డ్ సరిగ్గానే గుర్తుండి, యూజర్ పేరు దగ్గర ఆగిపోయి సపోర్ట్‌కి రాసేవాళ్లే ఎక్కువ. దీనికి మందు సులభం: పాస్‌వర్డ్ చెప్పిన చోటే యూజర్ పేరు కూడా రాసిపెట్టాలి, అది ఎవరైనా ఊహించగలిగే మామూలు పదమైనా పర్వాలేదు.

ఈ పెట్టె నచ్చనివాళ్లు సొంతంగా ఒక లాగిన్ పేజీ పెట్టుకుంటారు. పాస్‌వర్డ్ సరిపోతే సర్వర్ ఒక కుకీ ఇస్తుంది, తర్వాత అన్ని పేజీలకీ ఆ కుకీయే టికెట్. చూడ్డానికి బాగుంటుంది, సరిచూసే పని ఒక్కసారితో అయిపోతుంది. అయితే ఆ కుకీలో "లోపలికి రావచ్చు: అవును" అని ఉత్తినే రాస్తే ఎవరైనా అలాంటిదే తయారు చేసుకుని వస్తారు. సర్వర్‌కి మాత్రమే తెలిసిన తాళంతో దాని మీద సంతకం ఉండాలి. స్క్రిప్టులు దాన్ని చదవకుండా, హెచ్‌టీటీపీఎస్ మీద తప్ప వెళ్లకుండా గుర్తులు పెట్టాలి.

తలుపు ఉంది, గోడ లేదు

పైన చెప్పిన రెండు పద్ధతుల్లోనూ ఒక సర్వర్ కూర్చుని సరిచూస్తోంది. కానీ ఇప్పటి డాక్యుమెంటేషన్ సైట్లలో చాలా వాటికి అలాంటి సర్వర్ ఉండదు. స్ఫింక్స్, ఎంకేడాక్స్, డాక్యుసారస్ లాంటి పనిముట్లు రాసినదాన్ని ముందే హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా వండి పెడతాయి. హోస్టింగ్ సంస్థ ఆ ఫైళ్లను అడిగినవాళ్లకి అడిగినట్టు వడ్డిస్తుంది. మధ్యలో "నువ్వెవరు?" అని అడిగే మనిషి లేడు.

అప్పుడు చాలామంది చేసే పని పేజీలోనే జావాస్క్రిప్ట్‌తో పాస్‌వర్డ్ అడగడం. తప్పు టైప్ చేస్తే లోపలిది కనిపించదు, సరిగ్గా టైప్ చేస్తే తెర తొలుగుతుంది. డెమోలో అద్భుతంగా ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే తెర వెనకున్నదంతా అప్పటికే చూసేవాళ్ల కంప్యూటర్‌కి చేరిపోయి ఉంటుంది. రైట్ క్లిక్ చేసి సోర్స్ చూస్తే చాలు. తలుపు పెట్టి గోడ కట్టడం మర్చిపోయినట్టు.

"మా సైట్‌లో సోర్స్‌లో కూడా కనిపించదు, లాగిన్ అయ్యాకే తెస్తుంది" అనేవాళ్లు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. సైట్‌లో వెతికే పెట్టె ఉందా? ఉంటే ఆ వెతుకులాట ఎక్కడ జరుగుతోంది? ఎంకేడాక్స్ తన సెర్చ్ కోసం సైట్‌లోని పాఠం మొత్తాన్ని ఒక జేసన్ ఫైల్‌గా పేర్చి, సెర్చ్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. కొత్త ట్యాబ్‌లో నేరుగా ఆ ఫైల్ అడ్రస్ కొట్టండి. తెర పేజీకే ఉంది, ఫైల్‌కి లేదు కాబట్టి అన్ని పేజీల పాఠమూ ఒకే చోట, చదువుకోవడానికి వీలుగా దిగిపోతుంది. స్ఫింక్స్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. సెట్టింగు మార్చకపోతే, రచయితలు రాసిన అసలు పాఠాన్ని కూడా సోర్సెస్ అనే ఫోల్డర్‌లో కాపీ చేసి సైట్‌తో పాటే పంపుతుంది. డాక్యుసారస్‌లో ప్రతి పేజీ విషయం స్క్రిప్టు ముక్కల్లోకి కూడా చేరుతుంది. పైన ఎంత అందమైన లాగిన్ అతికించినా ఆ ముక్కలు ఎవరడిగినా వస్తాయి.

సర్వర్ లేకుండానే నిజంగా దాచే దారి ఒకటుంది, పేజీని గూఢలిపిలోకి మార్చి పెట్టడం. స్టాటిక్రిప్ట్ అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు ఇదే చేస్తుంది. హెచ్‌టీఎంఎల్ పేజీని ఏఈఎస్-256తో మూసేస్తుంది, టైప్ చేసిన పాస్‌వర్డ్ నుంచి తాళంచెవి తయారుచేసి బ్రౌజర్‌లోనే తెరుస్తుంది. ఇక్కడ సోర్స్ చూసినా గజిబిజి తప్ప ఏమీ దొరకదు, ఈ గజిబిజి బేస్64 లాంటిది కాదు. కానీ అది హెచ్‌టీఎంఎల్‌నే మూస్తుంది. బొమ్మలు, పీడీఎఫ్‌లు బయటే ఉండిపోతాయి. డాక్యుమెంటేషన్‌లో స్క్రీన్‌షాట్లే సగం విషయం చెబుతాయని మర్చిపోకూడదు. ఇంకా ఘోరమైన సందర్భం ఏమిటంటే, సైట్‌ని ఇంత జాగ్రత్తగా మూసి, దాని అసలు పాఠం, మార్పుల చరిత్రతో సహా, ఉన్న గిట్ రిపాజిటరీని పబ్లిక్‌గా వదిలేయడం.

ఈ పద్ధతిలో మరో చిక్కు ఉంది. మూసిన ఫైల్ ఎవరైనా దించుకోవచ్చు. దించుకున్నాక వాళ్ల సొంత కంప్యూటర్ మీద ఎన్ని సార్లయినా పాస్‌వర్డ్ ఊహించుకోవచ్చు, "ఇక చాలు" అని ఆపే సర్వర్ లేదు. కాబట్టి ఇక్కడ భారం మొత్తం ఆ మాట ఎంత గట్టిదన్నదాని మీదే పడుతుంది.

హోస్టింగ్ సంస్థే గుమ్మం దగ్గర కాపలా పెడితే ఈ గొడవలన్నీ తప్పుతాయి. నెట్‌లిఫై, వర్సెల్ లాంటివి డబ్బు కట్టే ప్లాన్లలో సైట్ మొత్తానికీ పాస్‌వర్డ్ పెట్టనిస్తాయి. రీడ్ ద డాక్స్ వ్యాపార సంస్థల కోసం నడిపే సేవలో పాస్‌వర్డ్‌తోనో ప్రత్యేక లింకుతోనో పంచుకునే ఏర్పాటు ఉంది. గిట్‌హబ్ పేజెస్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. రిపాజిటరీ ప్రైవేట్‌గా ఉన్నా, దాని నుంచి పుట్టిన సైట్ మామూలుగా అందరికీ కనిపిస్తుంది. దాన్ని కూడా ప్రైవేట్‌గా ఉంచే వీలు ఎంటర్‌ప్రైజ్ క్లౌడ్ వాడే సంస్థలకే ఇచ్చారు. "రిపో ప్రైవేటే కదా" అనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఈ పేరా చదివాక ఒకసారి లాగౌట్ అయి తమ సైట్ తెరిచి చూసుకోవడం మంచిది.

పక్క గుమ్మాలు ఇంకా ఉంటాయి. అసలు డొమైన్‌కి కాపలా పెట్టి, హోస్టింగ్ సంస్థ ఉచితంగా ఇచ్చిన పాత అడ్రస్‌ని అలాగే వదిలేస్తారు. రెండు అడ్రస్‌లూ ఒకే సైట్‌కి పోతాయి. ప్రతి మార్పుకీ తయారయ్యే ప్రివ్యూ సైట్ల సంగతీ అంతే, నెలల కిందటి ప్రివ్యూలు కూడా తెరుచుకునే ఉంటాయి. సైట్ పేజీల కాపీలను కాష్‌లో దాచుకుని చూసేవాళ్లకి వేగంగా వడ్డించే సీడీఎన్ ఇంకో రకం. బేసిక్ అథెంటికేషన్‌తో వచ్చిన జవాబును, సర్వర్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఉమ్మడి కాష్‌లో దాచకూడదని హెచ్‌టీటీపీ నియమం. కుకీకి అలాంటి రక్షణ లేదు. లాగిన్ అయినవాళ్లకి ఇచ్చిన పేజీని సీడీఎన్ దాచుకుని, లాగిన్ కానివాళ్లకి కూడా అదే వడ్డించకుండా ఉండాలంటే ఆ పేజీ ప్రైవేట్ అని హెడర్‌లో మనమే చెప్పాలి.

మాట ఎలాంటిదై ఉండాలి

ఉమ్మడి పాస్‌వర్డ్‌ని మనుషులు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఫోన్‌లో చదివి వినిపిస్తారు, మీటింగ్‌లో గట్టిగా అంటారు. కాబట్టి "క్యాపిటల్ ఎక్స్, డాలర్ గుర్తు, తర్వాత సున్నానా ఓ అక్షరమా" లాంటిది పనికిరాదు. దాన్ని చెప్పే తంటా పడలేక జనం చాట్‌లో అతికించేస్తారు, అది అక్కడే శాశ్వతంగా ఉండిపోతుంది. అలాగని కంపెనీ పేరు పక్కన సంవత్సరం పెడితే ఊహించడానికి మనిషి కూడా అక్కర్లేదు.

మామూలు పదాలు నాలుగైదు వరసగా పేర్చడం ఈ రెండిటికీ మధ్య దారి. అయితే పదాలు మనం ఎంచుకోకూడదు, పాచికలు ఎంచాలి. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ మొదలుపెట్టిన డైస్‌వేర్ పద్ధతి ఇదే. ఐదు సార్లు పాచిక వేస్తే 7,776 పదాల జాబితాలో ఒకటి తేలుతుంది. నాలుగు పదాలకి దాదాపు 3,656 లక్షల కోట్ల కలయికలు. ఒక యంత్రం సెకనుకి లక్ష చొప్పున ఊహిస్తుందనుకుందాం, మొత్తం తిరగేయడానికి వెయ్యేళ్ల పైనే పడుతుంది. సర్వర్ కాపలా ఉన్న సైట్‌కి నాలుగు పదాలు ఎక్కువే. ఫైల్ దించుకుని ఊహించగలిగే పద్ధతిలో, వెయ్యి యంత్రాలు కలిసి కూర్చునే వీలుంది కాబట్టి ఐదో ఆరో పదాలు పెట్టుకోవాలి. పదాలు పలికినట్టే రాసేవైతే ఫోన్ పని ఇంకా తేలిక.

తెలుగు లిపిలో పెడితే ఎవరూ ఊహించలేరు కదా అన్న ఆలోచన కొందరికి వస్తుంది. రావచ్చు గానీ, బీక్రిప్ట్ మొదటి 72 బైట్లనే లెక్కలోకి తీసుకుంటుంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు పోతాయి, అంటే 24 సంకేతాలతో సరి. గుణింతం గుర్తులు, వత్తులు కూడా ఇందులోకే వస్తాయి. పైగా బేసిక్ అథెంటికేషన్ పెట్టెలో ఇంగ్లిష్ కాని అక్షరాలను బ్రౌజర్లన్నీ చాలాకాలం ఒకేలా పంపలేదు. ఈ సరదా మానుకోవడమే నయం.

ఊహించే ప్రయత్నాలను అడ్డుకోవడంలోనూ ఉమ్మడి పాస్‌వర్డ్‌కి తనదైన తిరకాసు ఉంది. మామూలు అకౌంట్లలో ఐదు సార్లు తప్పు కొడితే అకౌంటు కాసేపు మూసేస్తారు. ఇక్కడ ఉన్నది ఒకే అకౌంటు. దాన్ని మూస్తే అందరికీ మూసుకుంటుంది. ఆకతాయి ఎవడైనా ఐదు తప్పు ప్రయత్నాలతో డాక్యుమెంటేషన్ మొత్తాన్ని ఆపేయగలడు. కాబట్టి ఐపీ అడ్రస్ వారీగా వేగాన్ని తగ్గించాలే తప్ప అకౌంటుకి తాళం వేయకూడదు.

మార్చాల్సిన రోజు

ఉద్యోగి ఒకరు వెళ్లిపోయారు. లేదా ఒక కస్టమర్‌తో ఒప్పందం ముగిసింది. లేదా ఎవరి స్లైడ్‌లోనో పాస్‌వర్డ్ కనిపించింది. మార్చాలి. అప్పుడు టెన్షన్ మొదలవుతుంది: ఇది ఎవరెవరి దగ్గర ఉంది? జాబితా లేదు. ఒకసారి మారిస్తే ఆ క్షణం నుంచి పదిహేను మందికి తలుపు మూసుకుంటుంది, వాళ్లలో నలుగురు ఆ రోజే ఏదో గడువు మీద పని చేస్తుంటారు. సపోర్ట్‌కి ఫోన్లు మోగుతాయి. ఇదంతా ఊహించుకుని "వచ్చే నెల చూద్దాంలే" అంటారు. వచ్చే నెల రెండేళ్లవుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, ఊరికే గడువు పెట్టి పాస్‌వర్డ్‌లు మార్పించవద్దని చెప్పింది. ఈ సలహాని ఇక్కడ సాకుగా వాడుకునేవాళ్లున్నారు. నిస్ట్ చెప్పింది ఒక మనిషికి ఒక పాస్‌వర్డ్ ఉన్న సందర్భం గురించి. ఉమ్మడి పాస్‌వర్డ్‌ని క్యాలెండర్ చూసి మార్చనక్కర్లేదు గానీ, తెలిసినవాళ్లలో ఒకరు బయటికి వెళ్లిన ప్రతిసారీ మార్చాలి.

ఈ నొప్పిని తగ్గించడానికి మొదట చేయాల్సింది పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కనే పనిచేయనివ్వడం. కొత్తది ఈ రోజు చెప్పి, పాతది వారం తర్వాత తీసేస్తే ఎవరి పనీ ఆగదు. లీకైన సందర్భంలో మాత్రం ఈ సౌకర్యం కుదరదు, వెంటనే తీసేయాల్సిందే.

కుకీ పద్ధతి వాడినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పాస్‌వర్డ్ మార్చారు సరే, నిన్న లాగిన్ అయినవాళ్ల కుకీ ఇవాళ కూడా చెల్లుతోందా? చాలా చోట్ల చెల్లుతుంది. కుకీకి ముప్పై రోజుల ఆయుష్షు ఇచ్చి ఉంటే, వెళ్లిపోయిన మనిషి ముప్పై రోజులు హాయిగా చదువుకోవచ్చు. కుకీ మీద పెట్టే సంతకంలో పాస్‌వర్డ్‌నో దాని వరస సంఖ్యనో కలిపితే, పాస్‌వర్డ్ మారిన మరుక్షణం పాత కుకీలన్నీ చిత్తుకాగితాలవుతాయి.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది మాత్రం ఒక్కో కస్టమర్ సంస్థకి ఒక్కో పాస్‌వర్డ్ ఇవ్వడం. దీనికి కొత్త పనిముట్టు ఏదీ అక్కర్లేదు. అపాచీ, ఎన్‌జింక్స్ పాస్‌వర్డ్ ఫైల్లో ఒక వరుస బదులు పదిహేను వరుసలు, అంతే. ఒప్పందం ముగిసినవాళ్ల వరుస చెరిపేస్తే సరి, మిగతా పద్నాలుగు మందికి తెలియనే తెలియదు. లాగ్‌లో కూడా ఇప్పుడు పేర్లు కనిపిస్తాయి. లీకైతే ఏ కుళాయి కారుతోందో తెలుస్తుంది. మనిషి మనిషికీ అకౌంటు ఇచ్చే ఖర్చు లేకుండా దాని లాభంలో సగానికి పైగా చేతికొస్తుంది. ఒకే పాస్‌వర్డ్ అనే ఆలోచన వచ్చిన చోటల్లా ముందు ఈ పద్ధతిని ఎందుకు చూడరో అర్థం కాదు.

అలీబాబా కథలో రెండో భాగం కూడా ఇక్కడ పనికొస్తుంది. అన్న ఖాసిం మంత్రం విని గుహలోకి వెళ్లాడు, బయటికి వచ్చేటప్పుడు ఆ మాటే మర్చిపోయాడు. ఉమ్మడి పాస్‌వర్డ్‌కీ ఇదే జరుగుతుంది. అందరి బ్రౌజర్‌లోనూ సేవ్ అయి ఉంటుంది, అందువల్లే ఎవరికీ గుర్తుండదు. ఎవరో కొత్త లాప్‌టాప్ కొన్న రోజున అది ఏమిటన్నది టీమ్‌లో ఒక్కరూ చెప్పలేరు. సర్వర్‌లో ఉన్నది హాష్, దాన్ని వెనక్కి తిప్పలేరు. పాస్‌వర్డ్ మేనేజర్‌లో టీమ్ మొత్తానికీ కనిపించే ఒక చోట రాసి, దాన్ని మార్చే బాధ్యత ఎవరిదో పక్కనే పేరు పెడితే ఈ తిప్పలు రావు.

గొళ్ళెం చాలని చోటు

డాక్యుమెంటేషన్‌లో నిజమైన ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్‌తో ఇంకో సాఫ్ట్‌వేర్ మాట్లాడే దారి) తాళాలు, లోపలి సర్వర్ల అడ్రస్‌లు, కస్టమర్ల వివరాలు ఉంటే ఉమ్మడి పాస్‌వర్డ్ గురించి చర్చే అనవసరం. మొదట వాటిని అక్కడి నుంచి తీసేయాలి. తలుపు ఎంత గట్టిదైనా అవి డాక్యుమెంటేషన్‌లో ఉండాల్సినవి కావు.

నియమాలు కూడా కొన్ని చోట్ల ఒప్పుకోవు. చెల్లింపు కార్డుల సమాచారం చూసే వ్యవస్థలకి వర్తించే పీసీఐ డీఎస్‌ఎస్, ఉమ్మడి అకౌంట్లను తప్పనిసరి మినహాయింపుగా తప్ప అనుమతించదు. అమెరికాలో ఆరోగ్య సమాచారానికి వర్తించే హిపా నిబంధనలు ప్రతి యూజర్‌కీ విడి గుర్తింపు ఉండాలంటాయి. డాక్యుమెంటేషన్ సైట్ నేరుగా వాటి పరిధిలోకి రాకపోవచ్చు, కానీ ఆడిట్‌కి వచ్చినవాళ్లు "ఇది ఎవరెవరు చూశారు?" అని అడిగినప్పుడు చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. అలాంటి చోట కంపెనీ ఈమెయిల్‌తో లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌ఓ పెట్టుకోవాలి, లేదా ఈమెయిల్‌కి ఒకసారి పనిచేసే కోడ్ పంపే క్లౌడ్‌ఫ్లేర్ యాక్సెస్ లాంటి సేవ వాడుకోవాలి. వీటిలో మార్చుకోవడానికి పాస్‌వర్డే ఉండదు. ఉద్యోగం మానేసినవాళ్ల ఈమెయిల్ ఆగిన రోజే డాక్యుమెంటేషన్‌కి దారీ ఆగుతుంది.

అవతలి వైపు ప్రశ్న కూడా అడగాలి: అసలు ఎందుకు దాస్తున్నాం? "మన ఏపీఐ ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాడి చేస్తారు" అన్నది జవాబైతే, అది తప్పు జవాబు. వ్యవస్థ నిర్మాణం శత్రువుకి తెలిసిపోయినా నష్టం రాకూడదని 1883లోనే ఆగస్ట్ కెర్‌క్‌హాఫ్స్ రాశాడు. గూఢలిపుల గురించి చెప్పిన ఆ సూత్రం ఏపీఐలకీ వర్తిస్తుంది. డాక్యుమెంటేషన్ దాస్తే తప్ప భద్రత లేని ఏపీఐకి డాక్యుమెంటేషన్ దాచినా భద్రత ఉండదు. ఇంకా విడుదల కాలేదు కాబట్టి దాస్తున్నాం అంటే అర్థముంది, పోటీదారులు ధరల పట్టిక చూడకూడదన్నా అర్థముంది. ఊరికే అలవాటుగా దాస్తే మాత్రం, కొనే ముందు చదివి చూసుకుందామని వచ్చిన ఇంజనీర్ ఆ పెట్టె చూసి ట్యాబ్ మూసేసి పోతాడు.

విడుదల రోజున పాస్‌వర్డ్ తీసేస్తారు. సైట్ తెరుచుకుంటుంది, అందరూ సంబరపడతారు. నెల గడిచినా సెర్చ్‌లో ఒక్క పేజీ రాదు. దాచిన రోజుల్లో రెండో జాగ్రత్తగా, సెర్చ్ ఇంజిన్లు ఈ పేజీలను చేర్చుకోవద్దని సర్వర్ సెట్టింగులో నోఇండెక్స్ హెడర్ ఒకటి పెట్టి ఉంటారు. పాస్‌వర్డ్ అడిగే పెట్టె అందరికీ కనిపించేది కాబట్టి దాన్ని తీయడం గుర్తుంది. హెడర్ ఎవరికీ కనిపించదు, అది అక్కడే ఉండిపోతుంది.